ఫట్‌ఫటీ మీద అవ్వ వేసిన ముడి

మోటార్ సైకిల్ చప్పుడు వింటే కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయని అమీర్‌పేటలో పెద్దలు గట్టిగా నమ్మే కాలమది. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, పెట్రోలు మాత్రం ఇక్కడ దొరకడం లేదు. పంజాగుట్ట అంటే ఊరు అయిపోయిందని అర్థం. దాని అవతల బండలు, సీతాఫలం పొదలు, మేకలు, ఆపైన ఆకాశం. ఇప్పుడు అదే చోట రోడ్డు దాటడానికి నేను ముందు ప్రార్థన చేసుకుంటున్నాను. మొన్న మా కాలనీలో ఒక కుర్రవాడు మైకు పట్టుకుని వాహనాల మీద భద్రత గురించి తెగ మాట్లాడాడు. ఆ మాటను తన తరమే కనిపెట్టినట్టు మాట్లాడాడు. పైగా నా వైపు చూసి, "పాతకాలం వాళ్లు ఏ జాగ్రత్తా లేకుండా బండ్లు నడిపి, ఏదో దేవుడి దయవల్ల మిగిలారు" అని నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. బాబూ, దేవుడి దయ ఉన్న మాట నిజమే కాని, నాకు జరిగినంత భద్రత ఈ భూమ్మీద మోటార్ సైకిల్ ఎక్కిన మరొకడికి జరిగి ఉండదు. ఆ సంగతి తెలిసినవాళ్లలో రాయడానికి ఓపిక మిగిలినవాణ్ని నేనొక్కణ్నే కనుక రాస్తున్నాను.

నేను బడిలో చదివింది తక్కువ. మిగతా చదువంతా దుకాణాల బోర్డుల మీదా, బెల్లం పొట్లాల కాగితాల మీదా సాగింది. (పొట్లం కాగితంతో వచ్చే చిక్కు ఒకటే, కథ మంచి పట్టులో ఉండగా చినిగిపోతుంది. మిగతాది మనమే ఊహించుకోవాలి. నా జ్ఞానంలో సగం అలా ఊహించుకున్నదే.) పంజాగుట్ట దగ్గర ఒక నవాబు గారి దేవిడిలో సామాన్ల గది చూసుకునే పని నాది. ఆ బంగళాలో చిన్న నవాబుకు ఒక విలాయతీ మోటార్ సైకిల్ ఉండేది. ఆయన ఒకనాడు దాన్ని సరాసరి గుర్రాల కొట్టంలోకి నడిపి, గుర్రాలకంటే ఎక్కువగా తనే బెదిరి, "ఈ దయ్యాన్ని నా కళ్ల ముందునుంచి తీసుకుపో" అని నాకు ఇచ్చేశాడు. ముందు దీపం లేదు. పొగగొట్టం సగంలో విరిగిపోయింది. దానితోపాటు ఎలుకలు సగం తిన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఎలుకలు మిగిల్చిన సగాన్ని నేను తిన్నాను. దేవిడి డ్రైవరు దయ తలచి అప్పుడప్పుడు సీసాడు పెట్రోలు పోసేవాడు. అలా అమీర్‌పేటలో నేను ఫట్‌ఫటీవాణ్నయ్యాను. మోటార్ సైకిల్‌ను మావాళ్లు ఆ పేరుతోనే పిలిచేవారు, అది కూడా తన పేరు తనే చెప్పుకుంటూ వచ్చేది.

అదే ఏడాది నాకు పెళ్లయింది. నాకు ముందూ వెనకా ఎవరూ లేరు కనుక ఇల్లుటం పోయాను, అంటే అత్తగారింట్లోనే కాపురం. ఆ ఇంట్లో ఉన్నవి రెండే అర్రలు. మనుషులు మాత్రం ఎక్కడ కాలు పెట్టినా ఎవరో ఒకరి చేతి మీద పడేంతమంది. పగలు నా భార్య ఆడవాళ్ల మధ్య, రాత్రి ఆడవాళ్ల మధ్య. నేను చిన్నమామ పక్కన. చిన్నమామ నిద్రలో నా దుప్పటి లాక్కునేవాడు. పెళ్లయి నెలలు గడిచినా నా భార్యా నేనూ మాట్లాడుకున్నవి "ఉప్పు", "నీళ్లు", "ఆమేన్" అనే మూడు మాటలే. నన్ను ఆమెకు కట్టబెట్టింది వాళ్ల అవ్వ. ఆమెను ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. నాకు తెలుసుకోవాలని ఉండేది. నేనంటే నీకు ఇష్టమేనా అని అడగాలి, జవాబు వినాలి, అంతే. దానికి ఎవరూ వినని చోటు ఒకటి కావాలి. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో సర్కారు కచేరీలకు శుక్రవారం సెలవు. శుక్రవారం పొద్దున ఫట్‌ఫటీ మీద ఆమెను ఎక్కించుకుని పంజాగుట్ట అవతలి బండల్లోకి పోయి సాయంత్రం ప్రార్థన వేళకు తిరిగి రావాలని నా పథకం.

పథకానికి అడ్డం అవ్వ. నా భార్య తండ్రి జట్కా మీంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి మనుమరాలిని సాకింది అవ్వే. చక్రం ఉన్న ఏ వస్తువునూ ఆమె నమ్మదు, నీళ్లు చేదే గిలకతో సహా. నేను అడిగినప్పుడు ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"అల్లుడా, నేను నలుగురిని కన్న. నలుగురిని ఈపుకు కట్టుకొని నాట్లేసిన, కలుపు తీసిన. ఒక్కరన్న కింద పడ్డరా?"

"పడలే అవ్వా."

"కట్టని దినం నీ మామ పడ్డడు."

(అప్పటికి మా మామకు మీసాలున్నాయి, ఆయన్ను ఎవరు కడతారు? కాని అవ్వ చెబుతున్నది పోయిన కొడుకు సంగతి. నేను తల ఊపాను.)

అవ్వ లోపలికి పోయి పెట్టె అడుగునుంచి తాత తలపాగా తీసుకొచ్చింది. కచేరీలో బంట్రోతుగా ఉన్నప్పుడు తాత కట్టుకున్న తెల్లటి తలపాగా అది. వాకిట్లో పరిస్తే గేటు దాటేది. ఆయన గుర్తుగా ఆమె దగ్గర మిగిలింది అదొక్కటే. నన్ను బండి మీద కూర్చోబెట్టింది, వెనక గోనెసంచి మడత మీద మనుమరాలిని కూర్చోబెట్టింది. చీర కట్టుకున్న మనిషి కనుక రెండు కాళ్లూ ఎడమవైపే వేసుకుని పక్కకు తిరిగి కూర్చుంది. అవ్వ ఆ తలపాగాను మా ఇద్దరి చుట్టూ నడుమునుంచి చంకలదాకా చుట్టబెట్టి, కొసలు ఎక్కడ పోయాయో కనబడకుండా ఒక ముడి వేసింది. తర్వాత కడవ కింద పెట్టుకునే సుట్టబట్టలు రెండు తెచ్చి, మా తలల మీద చెరొకటి పెట్టి, గడ్డాల కింద నాడాతో బిగించింది. తల పగలకుండా. మైకు కుర్రవాడు ఇది వినాలి.

"ఈ ముడి నేను వేసినట్టె మల్ల నా తానికి రావాలె. ఎవ్వరన్న ముట్టిండ్రా, ఫట్‌ఫటి ఇంట్ల కోళ్లకు గూడైతది. గంతే," అంది అవ్వ. నా భార్య, "ముట్టం అవ్వా" అని మాటిచ్చింది. ఆమె మాటిస్తే మాటే. ఆ సంగతి నాకు అప్పటికింకా తెలియదు.

బల్కంపేట దారి తగిలేదాకా ప్రయాణం బ్రహ్మాండంగా సాగింది. ముందర లోకం నేను చూశాను. ఎడమపక్క లోకమంతా ఆమె చూసింది, అటునుంచి ఎద్దు గాని బండి గాని వస్తే నా పక్కటెముకల మీద గిచ్చాలని ఏర్పాటు. కుడిపక్కనూ వెనకనూ దేవుడికి వదిలేశాం. నాకు ధైర్యం వచ్చి, "నేనంటే నీకు ఇష్టమేనా" అని అరిచాను. విరిగిన పొగగొట్టం నా కంటే గట్టిగా అరిచింది. ఆమె దాన్ని హెచ్చరిక అనుకుని గిచ్చింది. నేను గట్టిగా బ్రేకు వేశాను, ఇంజను ఆగిపోయింది. ఆ బండిని మళ్లీ లేపాలంటే నిలబడి కాలితో తన్నాలి. నేను తన్నడానికి లేస్తే ఆమె లేచేది, నేను కూలబడితే ఆమె కూలబడేది. మేం క్రైస్తవులమని ఎరిగిన జట్కావాడొకడు గుర్రాన్ని ఆపి, "భాయ్, మందిరంల గిట్లనే లేస్తరా, కూసుంటరా మీరు?" అని మర్యాదగానే అడిగాడు.

పంజాగుట్ట దాటాక దారి లేదు. దారి లేకపోవడమే కదా మాకు కావలసింది. బండల నడుమ, పొదల నడుమ ఎగిరెగిరి పడుతూ చాలా లోపలికి పోయాం. మనిషి అలికిడి లేని ఒక పెద్ద బండ దగ్గర బండి ఆపి, గంభీరంగా దిగాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. నేను ముందుకు చూస్తున్నాను, ఆమె ఎడమకు చూస్తోంది. నేను నాలుగడుగులు వేస్తే ఆమె పీతలాగా, మా మాటలో ఎండ్రికాయలాగా, పక్కకు జరగాలి. ఆమె నడిస్తే నేను ఎండ్రికాయనవ్వాలి. సీతాఫలం చెట్టు ఆమె వైపు కనబడింది, నీడ నా వైపు కనబడింది. చెరోవైపు లాగాం. చివరికి ముందు పండ్లు, తర్వాత నీడ అని రాజీ కుదిరింది. తలల మీద సుట్టబట్టలతో మేం ఆ బండ చుట్టూ తిరిగిన తిరుగుడు చూస్తే, కడవలు పోగొట్టుకుని వెతుక్కుంటున్నామని ఎవరైనా అనుకుంటారు.

కూర్చున్నాం. గాలి చల్లగా ఉంది. ఆమె ముఖం నాకు కనబడదు, నా ముఖం ఆమెకు కనబడదు. ఇంతకంటే మంచి సమయం రాదని గొంతు సవరించుకుని, "నేనంటే..." అన్నానో లేదో, బండ మీంచి ఒక మేక తల, దాని పక్కన ఒక గడ్డం తల కనబడ్డాయి. ఆ చుట్టుపక్కల మేకలు కాసుకునే ముసలాయన. అందరూ ఆయన్ను మేకల చాచా అనేవారు. మమ్మల్ని తీరికగా చూశాడు.

"ఏం మియా, బీబీ భాగిపోతదని కట్టేసినవా?"

నేను భద్రతా సూత్రాలు వివరించబోతుంటే నా భార్య నా వెనకనుంచి, "నేను కాదు చాచా. ఈయన ఇల్లుటం అల్లుడు. ఈయన ఉరుకుతడని మా అవ్వ కట్టింది" అంది. పెళ్లయ్యాక ఆమె నోట నేను విన్న మొదటి పొడుగాటి మాట అది. దానికి నేను సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"అచ్ఛా," అన్నాడు చాచా. "మేం సుత గంతే చేస్తం. కొత్త మేకను తెస్తే పాత మేకకు కడతం. ఇల్లు మర్వదు."

ఆయన వెళ్తాడని చూశాం. ఆయన కూర్చున్నాడు. మేకలు కూడా కూర్చున్నాయి. మా పండ్లు మేం తినడాన్ని వాళ్లంతా కలిసి చూశారు. ఇక లాభం లేదని, ఇంకా అవతలికి పోదామని బండి ఎక్కాం. అక్కడ నేల వాలుగా ఉంది, వాలు చివర వానకాలపు కుంట ఉంది, బండల మీద పాచి ఉంది. బండి జారడం మొదలుపెట్టింది. బ్రేకు పట్టినా జారుతోంది. నేను బెదరలేదు. ఎలుకలు మిగిల్చిన పుస్తకంలో దీనికి ఉపాయం ఉంది. బండి చేతిలోంచి పోతున్నప్పుడు దాన్ని వదిలేసి పక్కకు దూకాలి. నేను కుడివైపు దూకాను. ఆమె ఏ పుస్తకమూ చదవకుండానే అదే ఉపాయం ఆలోచించింది, కాళ్లు ఉన్నవైపు, అంటే ఎడమకు దూకింది. ఇద్దరం సమానమైన బలంతో దూకాం కనుక ఎవరమూ ఎక్కడికీ పోలేదు. బండి మీద నిటారుగా కూర్చుని, సుట్టబట్టలు చెదరకుండా, మహారాజులు ఊరేగినట్టు తిన్నగా కుంటలోకి వెళ్లాం.

నీళ్లు నడుములదాకా ఉన్నాయి. ఫట్‌ఫటీ బుడగలు వదిలి చల్లబడింది. చాచా గబగబా దిగివచ్చి, మేకలకు కొమ్మలు కోసే కత్తి తీసి, "జర నిలవడుండ్రి, కోసేస్త" అన్నాడు. నేను చేతులెత్తి నిలబడ్డాను. నాకు అవ్వా గుర్తు లేదు, శుక్రవారాలూ గుర్తు లేవు. నా భార్య మాత్రం, "వద్దు చాచా. అది మా తాతది. ముట్టమని మాటిచ్చిన" అంది. చాచా నా వైపు చూశాడు. నేను చేతులు దించుకున్నాను.

బండిని ఒడ్డుకు లాగి చాచాకు అప్పజెప్పి నడిచి బయల్దేరాం. చెట్టునుంచి చెట్టుదాకా ఒకరు తిన్నగా, ఆ తర్వాత చెట్టుదాకా మరొకరు తిన్నగా. అమీర్‌పేటలో అడుగుపెట్టేటప్పటికి నా వంతు ఎండ్రికాయ నడక. ఇలాంటివి ఎప్పుడూ నా వంతులోనే వస్తాయి. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. పాన్‌డబ్బా ఆయన, "ఫికర్ మత్ కరో భాయ్, నడుము పడితే మా బావకు సుత గిట్లనే అయింది" అని ఓదార్చాడు. మా పెళ్లి జరిపించిన మందిరం అయ్యగారు ప్రార్థనకు మా ఇంటికే వస్తూ ఎదురై, సైకిలు దిగి, కళ్లద్దాలు తుడుచుకుని, "పెండ్లి దినం నేను చెప్పిన మాటలను మీరు జర ఎక్కువనే పట్టించుకున్నట్టున్నరు" అన్నారు.

ఇంటి దగ్గర అవ్వ బండి ఏదని అడగలేదు, బట్టలకు అంటిన కుంట పాచి ఎక్కడిదని అడగలేదు. వంగి ముడిని చూసింది. ముఖం వెలిగింది.

"చూసిండ్రా? కుంటల పడ్డరు గని ఇడువడలే."

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నేళ్లయినా తగ్గలేదు. "అవ్వా, ఈ ముడి లేకుంటే మేం కుంటల పడకపోదుం. నేను ఒక దిక్కు దుంకితే..." అని పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. అవ్వ పూర్తిగా విన్నది. విని, "అంటె నా మనుమరాలిని దాని మీద ఇడిసిపెట్టి నువ్వొక్కనివి దుంకుదమనుకున్నవా?" అంది. ఇల్లంతా నా వైపు చూసింది. అయ్యగారు కూడా చూశారు. ఎలుకలు తిన్న సగంలో దీనికి జవాబు ఉండి ఉంటుంది.

తర్వాత అవ్వ ముడి విప్పడానికి కూర్చుంది. విడలేదు. తడిసిన నూలు రాయిలా బిగుసుకుపోయింది. అత్త లాగింది. చిన్నమామ పళ్లతో లాగి పన్ను పట్టుకుని పక్కకు పోయాడు. అయ్యగారు ప్రయత్నించి, మెల్లగా, "కత్తెర ఉన్నదా" అన్నారు. ఎవరో తెచ్చి అవ్వ చేతిలో పెట్టారు. అవ్వ కత్తెర పట్టుకుని తాత తలపాగా వైపు చూస్తూ కూర్చుంది. ఆమె వేళ్లు గుడ్డ మీద అటూ ఇటూ తిరిగాయి. ముడి నేను వేసినట్టే రావాలి అన్నది ఆమే, కోయవలసిందీ ఆమే.

"వద్దవ్వా," అంది నా భార్య. "తెల్లారెవరకు ఎండుతది. అప్పుడు ఇప్పు."

"అందాక?"

"అందాక గిట్లనే ఉంటం."

అవ్వ మనుమరాలి ముఖంలోకి చూసింది. (ఆ ముఖంలో ఏముందో నాకు తెలియదు. నేను గోడవైపు ఉన్నాను.) కత్తెర పక్కన పెట్టి, "లోపటి అర్ర ఖాళీ చెయ్యిండ్రి" అంది.

"మరి మేమేడ పండాలె?" అన్నాడు చిన్నమామ.

"వాకిట్ల. వీళ్లు ఒక్కర్ని ఇడిసి ఒక్కరు లేచేటట్టు లేరు, ఇందరి నడుమ ఎట్ల పంటరు?"

ఆ మాటకు అయ్యగారే ముందు ఆమేన్ అన్నారు.

ఆ విధంగా, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి మేమిద్దరం మాత్రమే ఉన్న గదిలో, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా, కుంట వాసన కొడుతూ కూర్చున్నాం. ఇంజను లేదు, మేకలు లేవు. అరవనవసరం లేకుండా మామూలు గొంతుతో అడిగాను, "నేనంటే నీకిష్టమేనా?"

ఆమె, "ముందుగాల ఎండనీ" అంది.

పొద్దున అవ్వ వచ్చి, ముడి మీద ఒకసారి ఊది, రెండు వేళ్లతో ఏదో చేసింది. మొత్తం తలపాగా జారి ఒళ్లో పడింది. నేను ఒక్క గంతులో లేచి నిలబడ్డాను. ఒళ్లు విరుచుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె లేవలేదు. అవ్వ తలపాగా పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఇంట్లో పొయ్యి రాజేసే చప్పుళ్లు వినబడుతున్నాయి, ఆమె వెళ్లి అందుకోవలసిన పనులవి. అయినా చాప మీదే కూర్చుని, "ఇగో, జర కూసో. గంత ఉరుకులెందుకు?" అంది. కూర్చున్నాను. ఆమె ముఖాన్ని అంత దగ్గరగా, వెలుతురులో, ఎవరూ లేకుండా చూడటం అదే మొదలు.

సాయంత్రం చిన్నమామ పరుపుచుట్ట చంకన పెట్టుకుని లోపలి అర్రకు వచ్చాడు. అవ్వ దండెం మీది తలపాగాను చేత్తో తడిమి, "ఇంక తడిగనే ఉన్నది. ఎండినంక చూద్దం" అంది. తలపాగా తడికీ చిన్నమామ పడకకూ ఏమిటి సంబంధమో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మరునాడూ తడిమింది, తడిగానే ఉంది. వానలు వెనకపట్టాయి, చలికాలం పోయింది, ఎండలు ముదిరి పంజాగుట్ట అవతలి కుంటలన్నీ నెర్రెలు విచ్చాయి. తాత తలపాగా మాత్రం ఎండలేదు. చాచా దగ్గరనుంచి ఫట్‌ఫటీ బాగై వచ్చాక, ప్రతి శుక్రవారం పొద్దున అవ్వ ఆ తలపాగాను దండెం మీంచి తీసి మా చుట్టూ చుట్టేది, సాయంత్రం మళ్లీ ఆరేసేది.

మీకు జవాబు చెప్పిందా అని చదివేవాళ్లు అడుగుతారు. చెప్పలేదు. అంత చదువుకున్నవాణ్ని, దాన్ని ఏళ్ల తరబడి లెక్కలో బాకీగా ఉంచుకున్నాను. ఇప్పుడు మా పిల్లలు కట్టించిన ఇంట్లో గదులకు కొదవ లేదు. ఆమె ఒక గదిలో, నేను ఒక గదిలో, మధ్యలో ఎవరూ లేరు. మొన్న ఇది రాస్తూ రాస్తూ, పోనీ ఒకసారి అడిగేస్తే పోలేదా అని లేచి ఆమె గదిలోకి వెళ్లాను. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఏంది?" అంది.

అంతదూరం నడిచి వెళ్లినవాణ్ని, ఈ వయసులో నాకు సిగ్గేసింది. "ఏం లేదు" అన్నాను.

ఆమె చిక్కుడుకాయల పళ్లెం కొంచెం ఇటు జరిపి, మంచం మీద చోటు చేసింది.